కర్ర ఎత్తు పెంచే ముందు

‘ఇన్నాళ్లయింది, ఇంకా నేల మీద పరిచిన కర్రల మీదుగానే తిప్పుతున్నారేమిటండీ?’ గుర్రం మీద జంపింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది. అడగడంలో తప్పేం లేదు. ఈ విద్యకు ఖర్చు బాగానే అవుతుంది. పక్కవాళ్లబ్బాయి మీటరు ఎత్తు దాటేస్తుంటే మన ప్రాణం ఉసూరుమంటుంది కూడా.

కానీ అసలు చదువు ఆ నేల కర్రల దగ్గరే ఉంది. సుమారు నాలుగున్నర అడుగులకొకటి చొప్పున నాలుగు కర్రలు పరిచి, గుర్రాన్ని ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, పోనిస్తారు. చివరి కర్రకు తొమ్మిది అడుగుల అవతల ఇంటూ గుర్తులా చిన్న అడ్డు, దానికి 18 అడుగుల దూరాన మరొకటి. ఆ రెంటి మధ్య ఒక్క అంగకే చోటు. గుర్రం సైజును బట్టి కోచ్ ఈ దూరాలు సర్దుతారు. ఎక్కడ లేవాలో గుర్రానికి కర్రలే చెబుతాయి కనుక, బిడ్డ తన ఒంటిని గమనించుకోగలదు. మడమలు కిందికి దిగాయా? చేతులు గుర్రం మెడతోపాటు ముందుకు సాగాయా? చూపు అడ్డు దాటి అవతలికి వెళ్లిందా?

మనకు కష్టంగా తోచే నిజం ఒకటుంది. ఎత్తు తొందరగా పెంచితే పిల్లలు భయపడతారు, భయపడితే పగ్గాలు బిగబడతారు. గాల్లో ఉండగా కళ్లెం నోట్లో గుంజితే గుర్రానికి నొప్పి. మరుసటిసారి అడ్డు ముందే ఆగిపోతుంది. మనమేమో గుర్రం మొండికేసిందంటాం! దాని నుదుటికి సూటిగా ముందున్నది దానికి కనబడదు. తల కాస్త కదిలించుకునే వీలుంటేనే ఎత్తు అంచనా కట్టగలదు. ఇటలీ సైనికాధికారి ఫెడెరికో కాప్రిల్లీ (1868–1907) నేర్పింది ఇదే: వెనక్కి వాలి లాగొద్దు, ముందుకు వంగి గుర్రాన్ని దాని పని చేసుకోనివ్వండి. అందుకే మొదట్లో జూలు పట్టుకోమంటారు. అది నామోషీ కాదు.

భయాన్ని పిల్లలు భయమని చెప్పరు. ‘ఇవాళ కడుపునొప్పి’ అంటారు, ‘ఆ గుర్రం బాగాలేదు’ అంటారు. అప్పుడు బుజ్జగించి పంపేకన్నా, ఎత్తు ఒక మెట్టు దించమని కోచ్‌ను అడుగుదాం. అంగలు పైకి లెక్కపెట్టించమందాం. నోరు లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు, భుజాలు వదులవుతాయి. మనం కంచె దగ్గర నిలబడి ‘ఇంకా, ఇంకా’ అనడం మానేద్దాం. మనది ప్రోత్సాహమే, సందేహం లేదు. కానీ ఆ కేకకు బిడ్డ చూపు అడ్డు మీంచి మనవైపు తిరుగుతుంది.

పడిన వెంటనే మళ్లీ ఎక్కించాలనే మాట మాత్రం గుడ్డిగా నమ్మకండి. తలకు దెబ్బ తగిలిందనిపిస్తే ఆ రోజుకు స్వారీ చాలు, డాక్టరుకు చూపించాలి. దెబ్బ తిన్న హెల్మెట్ మార్చాల్సిందే.

తొందరేముంది? 2016 రియో ఒలింపిక్స్‌లో వ్యక్తిగత జంపింగ్ స్వర్ణం గెలిచిన బ్రిటన్ రౌతు నిక్ స్కెల్టన్‌కు అప్పుడు 58 ఏళ్లు. 2000లో ఆయన మెడ ఎముక విరిగింది కూడా.