ఆకాశంలో పెనుగాలి

చెయ్యి విరిగితే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. ఆ కిరణాలు కంటికి కనపడవు. కండలోంచి దూసుకుపోతాయి. ఎముకలోంచి అంతగా పోలేవు. అందుకే ఫొటోలో ఎముక కనిపిస్తుంది. ఇలాంటి ఎక్స్‌రేలు ఆకాశం నుంచి కూడా వస్తాయని తెలుసా?

నక్షత్రాలు కోట్ల కొద్దీ ఒకచోట ఊరిలా చేరి ఉంటాయి. దాన్ని గెలాక్సీ అంటారు. మన సూర్యుడు ఉన్న ఊరు పాలపుంత. పెద్ద గెలాక్సీల నడుమ కృష్ణబిలం ఉంటుంది. అది దగ్గరికొచ్చిన దేన్నయినా లాగేస్తుంది. చుట్టూ ఉన్న వాయువు సుడి తిరుగుతూ లోపలికి పోతుంది. పోతూ పోతూ రాపిడికి కాగి, విపరీతంగా వెలుగుతుంది. అలా బాగా వెలిగేదాన్నే క్వేజార్ అంటారు.

వింతేమిటంటే, వాయువంతా లోపలికి పోదు. కొంత పెనుగాలిలా బయటికి ఎగజిమ్ముతుంది.

బ్రెజిల్ దేశంలో పీకో దోస్ దియాస్ అనే కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉంది. దాని పేరుతో సాగిన వెతుకులాటలో 1997లో ఒక క్వేజార్ దొరికింది. పేరు పి.డి.ఎస్. 456. దాని వెలుగు మనల్ని చేరడానికి 200 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. దగ్గరి క్వేజార్లలో బాగా వెలిగేది ఇదే. దగ్గర అన్నమాట ఆకాశం లెక్కలో!

అక్కడి గాలి వేగం ఇక్కడ కూర్చుని ఎలా కొలుస్తారు? ఆ గాలిలో ఇనుము ఉంది. నాగలి కర్రులో ఉండే ఇనుమే, అక్కడ ఆవిరి కన్నా వేడిగా ఉంటుంది. ఇనుము కొన్ని ఎక్స్‌రేలను మింగేస్తుంది. అక్కడ నల్ల గీత పడుతుంది. గాలి మనవైపు వస్తుంటే ఆ గీత చోటు మారుతుంది. బస్సు దగ్గరికొస్తుంటే హారన్ కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినపడదూ? ఇదీ అలాంటిదే. గీత ఎంత జరిగిందో చూసి వేగం లెక్క కడతారు.

కానీ భూమి చుట్టూ ఉన్న గాలి పొర ఎక్స్‌రేలను ఆపేస్తుంది. అది మన ఒంటికి మంచిదే, చూసేవాళ్లకే చిక్కు. అందుకని టెలిస్కోపును రాకెట్‌లో పైకి పంపుతారు. యూరప్ వాళ్ల ఎక్స్‌ఎంఎం-న్యూటన్, అమెరికా వాళ్ల నూస్టార్ 2013, 2014లలో కలిసి ఈ క్వేజార్‌ను చూశాయి. గాలి ఒక పక్కకే కాదు, దాదాపు అన్ని దిక్కులకూ వీస్తోందని 2015లో తేలింది. వేగం వెలుగు వేగంలో సుమారు నాలుగో వంతు!

ఇదంతా ఎందుకు? కొత్త నక్షత్రాలు వాయువులోంచే పుడతాయి. పెనుగాలి ఆ వాయువును ఊడ్చేస్తే గెలాక్సీ విత్తనం లేని చేను అవుతుంది. అది జరుగుతోందా లేదా అన్నదే ప్రశ్న.

జపాన్ వాళ్లు 2016లో హిటోమి అనే టెలిస్కోపును పంపారు. నెలన్నర కూడా కాకముందే అది పాడైపోయింది. వాళ్లు వదల్లేదు. 2023లో క్రిజమ్‌ను పంపారు. దాని ముఖ్యమైన పరికరం మూత తెరుచుకోలేదు. అయితే మూతకు పలుచని కిటికీ ఉంది. ఇనుము గీతలుండే ఎక్స్‌రేలు బలమైనవి కనుక అందులోంచి లోపలికి వచ్చాయి.

క్రిజమ్ 2024లో పి.డి.ఎస్. 456ను చూసింది. గాలి ఒక్క తీరుగా లేదు. ముద్దలు ముద్దలుగా, కనీసం అయిదు వేర్వేరు వేగాలతో వస్తోంది. దాని శక్తి అనుకున్న దానికన్నా చాలా ఎక్కువ. అంత శక్తి గెలాక్సీ వాయువుకు తగిలితే అది ఇంకా జోరుగా ఎగిరిపోవాలి. పోవడం లేదు. ముద్దలు వాయువు సందుల్లోంచి జారిపోతున్నాయేమో. గాలి ఆగి ఆగి వీస్తోందేమో.