పునీత అంతోనివారి పేరిట ఒక ద్రాక్షారసశాల

దివ్యబలిపూజలో గురువులు పాత్రలో ద్రాక్షారసం పోసి, అందులో కొద్దిగా నీరు కలపడం మనం ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాం. ఆ ద్రాక్షారసం ఎలా తయారవుతుంది? ఎవరు తయారుచేస్తారు? ఈ వారం ఒక కుటుంబ చరిత్ర ద్వారా ఈ సంగతులు తెలుసుకుందాం.

సాంతో కాంబియానికా ఇటలీ దేశస్థుడు. బ్రతుకుతెరువు కోసం ఉత్తర ఇటలీలోని లొంబార్దీ ప్రాంతం నుండి అమెరికా వలస వెళ్ళాడు. 1917లో లాస్ ఏంజెలెస్ నగరంలో ఒక చిన్న ద్రాక్షారసశాల ప్రారంభించి, దానికి పాదువాపురి పునీత అంతోనివారి పేరు పెట్టాడు. అదే 'శాన్ అంతోనియో'.

మూడేళ్ళు తిరిగేసరికి పెద్ద ఆపద వచ్చిపడింది. 1920 జనవరిలో అమెరికా అంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. ఆ నగరంలోని ద్రాక్షారసశాలలు చాలావరకు మూతపడ్డాయి. అయితే ఆరాధనకు వాడే ద్రాక్షారసానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. సాంతో అనుమతి పొంది, దేవాలయాలకు బలిపూజ ద్రాక్షారసం తయారుచేసి ఇచ్చాడు. 1933 డిసెంబరులో నిషేధం ఎత్తివేసేవరకు ఆ పనే అతని సంస్థను నిలబెట్టింది. పూజ పేరు చెప్పి దొంగచాటుగా మద్యం అమ్ముకొన్నవారు కూడా ఆ రోజుల్లో లేకపోలేదు. పవిత్రమైన పేరును లాభానికి వాడుకోవాలనే శోధన ఏ కాలంలోనైనా ఉంటుంది.

ఇక తయారీ విషయం. పండిన ద్రాక్షను కోసి చితకగొడతారు. ఎర్రని ద్రాక్షారసానికి రసాన్ని తొక్కలతో కలిపే పులియబెడతారు. ఆ రంగు తొక్కల నుండే వస్తుంది. తెల్లని దానికి ముందుగానే రసం పిండి, తొక్కలు తీసివేస్తారు. కంటికి కనబడని ఈస్ట్ అనే సూక్ష్మజీవి రసంలోని తీపిని ఆల్కహాలుగా మారుస్తుంది. తరువాత కొయ్య పీపాలలోనో, తొట్లలోనో నిలవ ఉంచుతారు. పీపాలో ఖాళీ లేకుండా చూసుకోవాలి. గాలి తగిలితే రసం వెనిగర్ అయిపోతుంది. ఏమరుపాటుగా ఉంటే ఏడాది కష్టం వృథా!

శ్రీసభ న్యాయస్మృతి 924వ సూత్రం కోరేది కూడా ఈ జాగ్రత్తనే. బలిపూజ ద్రాక్షారసం ద్రాక్షపండ్ల నుండి వచ్చిన సహజమైన రసమై ఉండాలి, చెడిపోనిదై ఉండాలి.

1936లో సాంతో తన మేనల్లుడు స్తెఫానో రిబోలిని ఇటలీ నుండి పిలిపించుకొన్నాడు. 1946లో స్తెఫానో మద్దలేనాను పెండ్లాడాడు. 1956లో సాంతో మరణించాక ఆ దంపతులే పని కొనసాగించారు. ఆ తరువాత పిల్లలు, మనుమలు అందుకొన్నారు. నేడు ఆ కుటుంబానికి కాలిఫోర్నియాలో సొంత ద్రాక్షతోటలున్నాయి. నగరం నడిబొడ్డున ఉన్న పాత ద్రాక్షారసశాలను 1966లో చారిత్రక చిహ్నంగా గుర్తించారు.

"అయితే మద్యాన్ని పొగుడుతున్నారా?" అని మన తల్లులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఎందుకు తిరగబడ్డారో మనకు తెలుసు. కూలి డబ్బులు దుకాణంలో పోసి, పిల్లలను పస్తులుంచిన ఇళ్ళు మన విచారణలలోనూ ఉన్నాయి. కానా పెండ్లిలో ప్రభువు ద్రాక్షారసమిచ్చినది ఒక కుటుంబం పరువు నిలపడానికి. తాగుడు చేసేది ఆ పరువు తీయడం. బలిపీఠం మీది పాత్రకు తలవంచిన తండ్రి సాయంత్రం ఇంటికి ఎలా వస్తున్నాడన్నదే అసలు పరీక్ష.

కుటుంబంలో మాట్లాడుకోండి:
1. మన ఇంట తరతరాలుగా వస్తున్న పని ఏది? దానిని పిల్లలకు ఓపికతో నేర్పుతున్నామా?
2. కష్టకాలంలో న్యాయమైన దారి వెదికామా, దొంగదారి పట్టామా?
3. తాగుడు వల్ల బాధపడుతున్న పొరుగింటికి మనం చేయగల సహాయమేమిటి?

ఈ వారం యోహాను సువార్త 15వ అధ్యాయంలోని ద్రాక్షావల్లి భాగాన్ని ఇంటిల్లిపాది కలిసి చదవండి.