అచౌర్యవ్రతము - చీకటి వర్తకము

శ్రావకుని అణువ్రతములలో మూడవది అచౌర్యము. తత్త్వార్థసూత్రము సప్తమాధ్యాయమున దీనికి ఐదు అతిచారములు చెప్పబడినవి: దొంగను ప్రేరేపించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యశాసనమును అతిక్రమించుట, తూనికల కొలతల మోసము, కల్తీ. ఇవి యన్నియు అంగడిలో జరుగునవే.

మూడవదానికి మన జిల్లాయే ఉదాహరణము. చంద్రపూరు జిల్లాలో 2015 ఏప్రిలులో మద్యనిషేధము వచ్చెను. మద్యము మనకెట్లును వర్జ్యమే. కాని సరకు చాటునకు పోయెను. దొంగసారా, నేరములు పెరిగినవని ప్రభుత్వము 2021 మేలో నిషేధమును ఎత్తివేయ నిశ్చయించెను. రశీదు లేనిచోట కొలతకు పూచీ లేదు, కల్తీకి విచారణ లేదు. కనుక మూడవ అతిచారము నాల్గవ, ఐదవ వానికి తలుపు తెరచును. చట్టము సరికాదని తోచినచో వినతిపత్రము వ్రాయవచ్చును. చాటున అతిక్రమించి లాభము గొనరాదు.

నేటి యువకులు బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణెములను గూర్చి అడుగుచున్నారు. కొనుట దోషము గాదు. 2022 నుండి వాని లాభముపై నూటికి 30 వంతున పన్ను గలదు. “పేరు కనబడదు గదా, లెక్క యెందుకు?” అనుట పొరపాటు. బిట్‌కాయిన్ ఖాతా లోకమంతకు తెరచియున్నది. అందు పేరు లేదుగాని ప్రతి బదిలీయు చెరగక నిలిచియుండును. అదియునుగాక, పరిగ్రహ పరిమాణవ్రతము పట్టినవాడు సర్కారునకు కనబడని ధనమును తన లెక్కలో నుండి తప్పింపగలడా?

దీపావళినాడు ఖాతాపుస్తకమును పూజించు మనకు, పూజకు పెట్టరాని రెండవ పుస్తకము ఉండరాదు.