ఏ డిస్కు తీయాలి?

పిల్లలూ, ముఖ్యమైన సమాచారం ఉండే కంప్యూటర్లలో కొన్ని హార్డ్ డిస్కులను జట్టుగా కడతారు. దీన్నే రెయిడ్ అంటారు. 1988లో అమెరికాలోని బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ వ్యాసంలో దీన్ని వివరించారు. లినక్స్‌లో ఈ పని సాఫ్ట్‌వేరే చేస్తుంది.

మూడు డిస్కుల రెయిడ్ 5 తీసుకుందాం. రెండింటిలో 1, 0 ఉంటే మూడోదానిలో 1 రాస్తుంది. ఒకట్లు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి. ఏ గడి చెరిగినా మిగతా రెండూ చూసి నింపవచ్చు. 1, 1 ఉంటే మూడోది ఏమిటో మీరే చెప్పండి.

అన్నీ బాగుంటే ఎండీస్టాట్ అనే ఫైలులో మూడు ‘యు’ అక్షరాలు కనిపిస్తాయి. ఒక డిస్కు జట్టు నుంచి తప్పుకుంటే దాని చోట గీత పడుతుంది. అయినా కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుంది. అసలు చిక్కు డిస్కును బయటికి తీసేటప్పుడే. మంచిదాన్ని లాగేస్తే లెక్క తేలదు.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లను నమ్మకండి. బదిలీ అయి కొత్త బడిలో చేరితే మీ రోల్ నంబరు మారుతుంది కదా, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే ఈ పేర్లూ అలాగే మారవచ్చు. సీరియల్ నంబరు మాత్రం పుట్టినతేదీ లాంటిది. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో దాన్ని తెలుసుకుని, డిస్కు మీది చీటీతో సరిచూడాలి. పాడైనది జవాబివ్వకపోతే మంచివాటి నంబర్లు రాసుకోండి, మిగిలిందే అది!

ఎండీఏడీఎం ఆదేశంతో పాతదాన్ని తొలగించి, కొత్తదాన్ని చేర్చాలి. అది నిండడానికి గంటలు పడుతుంది. ఆ సేపూ మిగతా రెండింటినీ ఆసాంతం చదవాలి, వాటిలో ఒకటి అప్పుడే మొరాయించవచ్చు. అందుకే ముఖ్యమైన ఫైళ్ల నకలు ముందే వేరేచోట దాచాలి.