ఊపిరితిత్తులు కూడా అమానతే

అల్లాహ్ మనిషికి ప్రసాదించిన అనుగ్రహాల్లో ఊపిరిని లెక్కపెట్టేవారు తక్కువ. సజావుగా ఆడినంత కాలం అది గుర్తుకే రాదు. ఆయుష్షు, జ్ఞానం, సంపదల గురించేగాక, శరీరాన్ని దేనిలో అరగదీశాడన్న విషయంలో కూడా మనిషి ప్రళయదినాన జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు.

పొగాకు ఆయన కాలంలో లేదు. ముస్లిం దేశాలకు అది చేరింది పదహారో శతాబ్దం చివర్లో. అప్పటి ఉలమాలో కొందరు దాన్ని హరామ్ అన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు, ముబాహ్ అన్నవారూ ఉన్నారు. దాని హాని అప్పటికింకా రుజువు కాలేదు. నేడు "మక్రూహే కదా!" అంటూ బీడీ వెలిగించే సోదరులు పాత ఫత్వాను పట్టుకున్నారు గాని, పరిస్థితి మారిన సంగతి పట్టించుకోలేదు. తమను తాము వినాశంలో పడవేసుకోవద్దని ఖుర్ఆన్ (2:195) వారించింది. హాని రుజువయ్యాక ఈ కాలపు ఉలమాలో చాలామంది దీన్ని హరామ్ అంటున్నారు.

ఆ హానిలో ఒకటి సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 35 లక్షల మంది దీనితో మరణించారు. పొగ వల్ల శ్వాసనాళాలు వాస్తాయి, కఫం పేరుకుంటుంది, చివరనున్న గాలిగదుల గోడలు చిరిగిపోతాయి. చిరిగిన గోడ మళ్లీ మొలవదు. (కట్టెల పొయ్యి పొగ కూడా ఇదే పని చేస్తుంది. ఎన్నడూ బీడీ ముట్టని తల్లులు ఆయాసపడటానికి అదొక కారణం.)

ఎన్ని తాగారు, ఎన్నేళ్లు తాగారు అన్నదాన్నిబట్టి ముప్పు పెరుగుతుంది. బీడీ చిన్నదని తేలిగ్గా తీసుకోరాదు. అది ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. హుక్కా నీళ్లు విషాన్ని కడిగేస్తాయనుకోవడం వట్టి భ్రమ.

"మా తాత ఎనభై ఏళ్లు బతికాడు, రోజూ తాగేవాడు" అంటారు. నిజమే, తాగిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. కాని ఎవరికి వస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

లండన్‌లో ఉద్యోగాలు చేసే పురుషులను ఎనిమిదేళ్లపాటు పరీక్షించి ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు 1977లో ఒక ముఖ్య విషయం ప్రకటించారు. వయసుతోపాటు అందరి ఊపిరి శక్తీ కొంత తగ్గుతుంది. పొగ పడని శరీరాల్లో అది మరింత వేగంగా తగ్గుతుంది. మానేస్తే పోయిన శక్తి తిరిగి రాదు గాని, తగ్గే వేగం మాత్రం పొగతాగనివారి స్థాయికి వస్తుంది. అంటే ముప్పై ఏళ్లకు మానినవాడికి మిగిలేది ఎక్కువ, యాభై అయిదుకు మానినవాడికి తక్కువ. అయినా మిగిలేది మిగులుతుంది.

"మానలేను" అనే సోదరుడు రమజాన్‌లో రోజుకు 13, 14 గంటలు మానే ఉంటాడు. ఇఫ్తార్‌లో ఖర్జూరం తిన్న నోటితోనే సిగరెట్ అందుకుంటాడు! నికోటిన్ వ్యసనం తేలికైనది కాదు, మొదటి రోజులు మరీ కష్టం. అందుకు డాక్టర్ల వద్ద మందులున్నాయి, నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది.

నలభై దాటినవారు ఉదయం దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. గొట్టంలోకి బలంగా ఊదించి చూసే పరీక్ష అది. తొలిదశలో ఈ జబ్బు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు.