పప్పుధాన్యాలలోని ఇనుము – శరీరానికి అందే విధానం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి ముఖ్య కారణాలలో ఇనుము లోపం ఒకటి. శాకాహారులకు ఇనుమునిచ్చే ఆహారాలలో పప్పుధాన్యాలు ప్రధానమైనవి. అయితే గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును బంధించి, పేగులలో దాని శోషణను తగ్గిస్తుంది. పెసలు, అలసందలు, శనగలను నానబెట్టి మొలకెత్తించినప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము చురుకై ఈ ఆమ్లాన్ని కొంతమేర విచ్ఛిన్నం చేస్తుంది. ఎండు గింజలో నామమాత్రంగా ఉండే విటమిన్ సి మొలకలలో పెరిగి ఇనుము శోషణకు తోడ్పడుతుంది. వేడికి ఈ విటమిన్ నశిస్తుంది కనుక గుగ్గిళ్లను దించిన తరువాతనే నిమ్మరసం పిండాలి. పెసరట్టుకు కూడా మొలకెత్తిన పెసలను రుబ్బుకోవచ్చు; అట్టు చక్కగానే వస్తుంది. కానీ అట్టు తిన్న వెంటనే టీ తాగితే అందులోని పాలిఫినాల్స్ ఇనుము శోషణను అడ్డుకుంటాయి. కనీసం గంట ఎడం అవసరం. రక్తహీనత తీవ్రంగా ఉన్నవారు వైద్యులు సూచించిన ఇనుము మాత్రలను మానరాదు.