పాత స్పోర్ట్సు కారూ, కొత్త కుటుంబం కారూ

స్పోర్ట్సు కారంటే వేగం, కుటుంబం కారంటే నత్తనడక అని మన హాస్టల్లో ఒక నమ్మకం ఉంది. నాకూ ఉండేది. నా గది గోడమీద 1962 నాటి ఎం.జి.బి. బొమ్మ ఉంది. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1980 దాకా తయారైన బండి అది. ఈమధ్య మా నాన్న మిరప డబ్బుతో స్విఫ్టు కొందామా అన్నప్పుడు రెండింటి లెక్కలూ పక్కపక్కన వేసి చూశాను.

బరువు ఇంచుమించు ఒకటే, సుమారు 920 కిలోలు. ఎం.జి.బి. ఇంజను 1798 సి.సి., నాలుగు సిలిండర్లు, 95 అశ్వశక్తి. 2024లో వచ్చిన స్విఫ్టుది 1197 సి.సి., మూడే సిలిండర్లు, సుమారు 80 అశ్వశక్తి. లీటరుకి లెక్కగడితే పాతదానికి 53, కొత్తదానికి 67. ఇక్కడ నా గోడమీది బొమ్మ కాస్త వెలవెలబోయింది.

అయితే అశ్వశక్తి ఒక్కటే చూస్తే పొరపాటు. తిప్పే బలాన్ని టార్కు అంటాం. ఎం.జి.బి.లో అది సుమారు 149 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 3000 చుట్ల దగ్గరే. స్విఫ్టులో 112, అందుకు 4300 చుట్లు తిరగాలి. ట్రాక్టరు తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. దమ్ము చేసేటప్పుడు ఇంజను గోలపెట్టకుండా లాగాలి, అంతే. చిత్రమేమంటే ఈ స్పోర్ట్సు ఇంజనూ, మన అంబాసిడర్లో ఏళ్ళ తరబడి ఉన్న 1489 సి.సి. ఇంజనూ ఒకే వంశానివి!

ఎం.జి.బి.కి రెండు కార్బురేటర్లు. గాలి లాగుడుకి లోపలి పిస్టను లేస్తే సూది పైకి జరిగి పెట్రోలుకి దారిస్తుంది. తేడా వస్తే చేత్తో సరిచేసుకోవచ్చు. స్విఫ్టులో ఆ పని సెన్సర్లూ, చిన్న కంప్యూటరూ చేస్తాయి. "పొలం దగ్గర ఆగిపోతే పానా పట్టుకుని మనం చేసుకోలేం గదరా?" అన్నారు నాన్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

బ్రేకులు రెండింటికీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే. కాని 60 కి.మీ. వేగంతో గుద్దుకున్నప్పుడు మనిషి 10 సెంటీమీటర్లలో ఆగితే వాడిమీద పడే బలం బరువుకి సుమారు 140 రెట్లు. 60 సెంటీమీటర్లలో ఆగితే 24 రెట్లే. ఆ దూరాన్ని పెంచడమే బెల్టుల పని, గాలిసంచుల పని. స్విఫ్టులో ఆ సంచులు ఆరు. 1962 ఎం.జి.బి.లో ఒక్కటీ లేదు.

ఈ లెక్క రాసిచ్చాను. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "వెనక కూచుంటే మీ అమ్మ కూడా బెల్టు పెట్టుకోవాలా?" అని అడిగారు. పెట్టుకోవాలన్నాను. బొమ్మ మాత్రం గోడమీద అలాగే ఉంది.